అసోసియేషన్ సభ్యత్వాలకు డబ్బు పెడితే ఏమొస్తుంది? కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు చెప్పండి

కర్నూలు_సివిల్
అందరికీ నమస్తే. బీటెక్ సివిల్, సైటు మీద ఆరేళ్ల అనుభవం. ఇకమీద వాల్యుయేషన్ (ఆస్తులకు విలువ కట్టడం), పాత బిల్డింగుల స్ట్రక్చరల్ ఆడిట్ (కట్టడం గట్టిగా ఉందో లేదో తేల్చడం) సొంతంగా చేసుకోవాలని ఉంది. ఏడాదికి పాతిక, ముప్పై వేలు నా చదువుకూ పరిచయాలకూ పక్కన పెట్టగలను. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్, టోస్ట్‌మాస్టర్స్ (నలుగురిలో మాట్లాడటం నేర్పే క్లబ్బు), వారంవారం రెఫరల్స్ ఇచ్చిపుచ్చుకునే బిజినెస్ గ్రూపు, ఈ మూడూ చూస్తున్నాను. మూడింట్లోనూ చేరాలా, ఒక్కటి చాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఏడురోడ్లు_కడప
ఫీజు లెక్క తర్వాత, ముందు దారి లెక్క వేయండి. మన మూడు ఊళ్లకూ పెద్ద చాప్టర్లు (ఈ సంస్థల స్థానిక శాఖలు) దూరమే. కర్నూలు నుంచి హైదరాబాద్ రెండొందల పది కిలోమీటర్ల పైమాటే, అనంతపురం నుంచి బెంగళూరూ ఇంచుమించు అంతే. కడప వాళ్లకు తిరుపతి దగ్గర, అదీ నూట నలభై. సాయంత్రం ఆరున్నరకు హైదరాబాద్‌లో లెక్చర్ పెడితే కర్నూలు మనిషికి ఒక పూట పని పోతుంది, రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. అట్ల నెలకొకసారి ఎవరూ పోలేరు. మూడో నెలకు మానేస్తారు, ఫీజు మాత్రం కట్టేసి ఉంటుంది.

అందుకే మన జిల్లాల వాళ్లు చేరే ముందు ఆఫీసుకు ఫోన్ చేసి ఒకటే అడగాలి: "పోయిన పన్నెండు నెలల్లో మా ఊరికి వంద కిలోమీటర్ల లోపల ఎన్ని మీటింగులు జరిగాయి? తేదీలు పంపండి." తేదీలు పంపలేదంటే అక్కడ జరిగేది ఏమీ లేదని అర్థం.

గడియారస్తంభం_అనంత
ఏడురోడ్లు అన్న చెప్పింది సగమే ఒప్పుకుంటా. దేనికోసం చేరుతున్నామన్న దాన్ని బట్టి దూరం అడ్డమవుతుందా కాదా అన్నది తేలుతుంది. సభ్యత్వం ఇచ్చేవి మూడు: పేరు పక్కన పెట్టుకునే హోదా, నేర్చుకునే అవకాశం, మనుషులు. హోదా కావాలంటే చాప్టర్ ఎంత దూరమున్నా పర్వాలేదు, పోస్టులో సర్టిఫికెట్ వస్తుంది. చదువు సగం ఆన్‌లైన్‌లో అయిపోతుంది. మనుషుల కోసమైతే మాత్రం ఊళ్లోనే ఉండాలి.

ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ 1920లో పెట్టింది, 1935లో రాయల్ చార్టర్ వచ్చింది. దాని బలం హోదాలో ఉంది. అయితే ఇక్కడ రెండు తికమకలున్నాయి. ఒకటి, చార్టర్డ్ ఇంజినీర్ అనే హోదా సభ్యత్వంతో దానంతటదే రాదు. కార్పొరేట్ (పూర్తి స్థాయి) సభ్యుడైన తర్వాత అనుభవం చూపించి వేరుగా అప్లై చేసుకోవాలి. సైటు పేరు, అక్కడ మీ బాధ్యత, నెలలు, పై అధికారి సంతకం, ఈ నాలుగూ ఉన్న అనుభవ పత్రాలు ఇప్పటి నుంచే జమచేసుకోండి. పాత కాంట్రాక్టరు ఫర్మ్ మూసేశాక సంతకం కోసం తిరగడం కంటే పని ముగిసిన వారంలో తీసుకోవడం సులభం.

రెండోది ఈ ఊళ్లల్లో ఇంకా నడుస్తున్న మాట: "ఏఎంఐఈ పరీక్షలు (ఈ ఇన్‌స్టిట్యూషనే పెట్టేవి) రాస్తే బీటెక్‌తో సమానం." 2013 మే 31 లోపల ఎన్‌రోల్ అయినవాళ్లకే ఆ సమానత్వం. డిప్లొమా చేసిన తమ్ముళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కోచింగ్ సెంటర్ బోర్డు చూసి డబ్బు కట్టే ముందు ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

కర్నూలు_సివిల్
గడియారస్తంభం అన్నా, థాంక్స్. వాల్యుయేషన్‌కు ఇన్‌స్టిట్యూషన్ సభ్యత్వం ఉంటే బ్యాంకు ప్యానెల్‌లో (విలువ కట్టే పని ఇచ్చేవాళ్ల జాబితాలో) చేర్చుకుంటారా?

గడియారస్తంభం_అనంత
అదొక్కటే చూపిస్తే చేర్చుకోరు. కంపెనీల చట్టం కింద రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలంటే దారి వేరు. 2017 నిబంధనల ప్రకారం ల్యాండ్ అండ్ బిల్డింగ్ తరగతికి సివిల్ డిగ్రీ మీద ఐదేళ్ల అనుభవం ఉండాలి, పీజీ ఉంటే మూడేళ్లు చాలు. ముందు ఏదో ఒక గుర్తింపు పొందిన రిజిస్టర్డ్ వాల్యుయర్ల సంస్థలో సభ్యత్వం, తర్వాత ఆ సంస్థ ద్వారా 50 గంటల కోర్సు, ఆ తర్వాత కంప్యూటర్ పరీక్ష. పాస్ మార్కు 60 శాతం, తప్పు జవాబుకు పావు వంతు కోత. కోర్సు అయిపోయింది కదా అని చదవకుండా పోయేవాళ్లు చట్టం ప్రశ్నల దగ్గర దొరికిపోతారు. ఇంజినీర్లకు ఆ భాగమే కొరకరాని కొయ్య.

ఇక బ్యాంకు ప్యానెల్ ఏ బ్యాంకుకాబ్యాంకు సొంత వ్యవహారం. కొన్ని పాత సంపద పన్ను చట్టం 34ఏబీ రిజిస్ట్రేషన్ అడుగుతాయి, దానికి పదేళ్ల అనుభవం కావాలి. మీకున్న ఆరేళ్లతో మొదటి దారి ఇప్పుడే తెరిచి ఉంది, రెండోది ఇంకా నాలుగేళ్లు ఆగాలి. కాబట్టి మీ పాతిక వేలల్లో ఈ ఏడాది పెద్ద ముక్క అక్కడికే పోవాలని నా ఉద్దేశం.

పద్దుల_మనిషి
ఆడిటర్ల వైపు నుంచి నేను చెప్తా. మాకు చేరాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, 1949 చట్టంతో చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం తప్పనిసరి. ప్రాక్టీస్ సర్టిఫికెట్ ఉండి అరవై దాటనివాళ్లకు మూడేళ్లకు 120 సీపీఈ (వృత్తిలో కొనసాగే చదువు) గంటలు, అందులో 60 స్ట్రక్చర్డ్ (సెమినార్లు, క్లాసులు), ఏడాదికి కనీసం 20 స్ట్రక్చర్డ్. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా బ్రాంచీలున్నాయి కనుక గంటల కోసం ఊరు దాటే అవసరం తక్కువ.

అయినా డిసెంబర్ వచ్చేసరికి పరుగులు పెట్టేవాళ్లే ఎక్కువ. పొద్దున సంతకం పెట్టి భోజనం కాగానే జారుకుంటే మధ్యాహ్నం సెషన్ గంటలు పడవు. పోర్టల్‌లో గంటలు ఎక్కాయో లేదో మీటింగు అయిన పదిరోజుల్లోపల చూసుకోవాలి. మార్చిలో చూసుకుంటే అప్పటికి అటెండెన్స్ షీటు ఎవరి దగ్గరుందో బ్రాంచి వాళ్లకే తెలియదు.

డాక్టర్లదీ ఇదే వరస. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకొకసారి రెన్యువల్, దానికి 30 క్రెడిట్ గంటలు. ఐఎంఏ (డాక్టర్ల సంఘం) సభ్యత్వం వేరు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వేరు. జూనియర్లు రెండూ ఒకటే అనుకుని ఒకటి వదిలేస్తుంటారు.

తుంగభద్ర_గట్టు
ఎవరూ బిజినెస్ గ్రూపుల సంగతి ఎత్తలేదు. వారానికొకసారి పొద్దున్నే తొంభై నిమిషాలు, ఒక్కో వృత్తికి ఒక్కరే అనే పద్ధతి బీఎన్‌ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) అనే గ్రూపుది, 1985లో అమెరికాలో మొదలైంది. ఆరు నెలల్లో మూడు గైర్హాజరీల వరకే ఊరుకుంటారు. మీ బదులు ఇంకొకరిని పంపితే గైర్హాజరీ కింద పడదు. ఆ తరహా గ్రూపులన్నీ ఇంచుమించు ఇట్లే నడుస్తాయి.

లెక్క ఇట్ల వేయండి. ఉదాహరణకు ఏడాది ఫీజు 40,000 అనుకోండి. వారానికి టిఫిన్ బిల్లు 300 చొప్పున యాభై వారాలకు 15,000. మొత్తం 55,000. ఒక స్ట్రక్చరల్ ఆడిట్‌లో ఖర్చులు పోను మీకు 8,000 మిగిలితే, పెట్టిన డబ్బు వెనక్కి రావడానికే ఏడు పనులు గ్రూపు నుంచి రావాలి. ఇందులో మీ డెబ్బై ఐదు గంటలు కలపలేదు, దారి కూడా కలపలేదు. సివిల్ సైటు ఎనిమిదికే మొదలవుతుంది, వీళ్ల మీటింగు కూడా ఆ వేళకే. వారానికొక పొద్దు మేస్త్రీని నమ్మి సైటు వదలగలరా?

ఇంకొకటి. గ్రూపులో ఎవరున్నారో చూడాలి. ఇంటీరియర్, సోలార్ ప్యానెళ్లు, క్యాటరింగ్, ఇన్సూరెన్స్ వాళ్లు నిండుగా ఉండి బ్యాంకు లోన్ల ఏజెంటు, ప్రాపర్టీ లాయరు, ఆర్కిటెక్టు లేకపోతే మీకు పని పంపేవాళ్లెవరు? గెస్టుగా రెండుసార్లు పోయి ఆ ముగ్గురూ ఉన్నారా లేదా చూసుకుని అప్పుడు కట్టండి.

ఉగ్గాణి_బజ్జీ
తుంగభద్ర అన్నా, టిఫిన్ 300 అంటే ఏమి తింటాండారు సామీ అక్కడ? 😄 నలభై రూపాయలకు ఉగ్గాణి, బజ్జీ ఇచ్చి మిగతాది ఫీజులో తగ్గిస్తే నేనూ చేరతా.

తుంగభద్ర_గట్టు
@ఉగ్గాణి_బజ్జీ హోటల్ హాలు అద్దె కూడా ఆ టిఫిన్ బిల్లులోనే కలుపుతారు అన్నా, అదీ సంగతి.

మేడమ్_ఈసీఈ
ఇంజినీరింగ్ కాలేజీ ఫ్యాకల్టీ, విద్యార్థుల గురించి రెండు మాటలు. కాలేజీలు ఐఎస్‌టీఈ (సాంకేతిక విద్య సొసైటీ) లైఫ్ మెంబర్‌షిప్, ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) స్టూడెంట్ బ్రాంచి అని ఒత్తిడి చేయడానికి కారణముంది. కాలేజీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ మదింపు ఫారంలో ప్రొఫెషనల్ సొసైటీలు, వాటి కార్యక్రమాలకు మార్కులున్నాయి. కాలేజీకి పనికొస్తే తప్పులేదు, కానీ మీకేం మిగులుతుందో మీరు చూసుకోవాలి.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఒక్కచోట. ఐఈఈఈలో చేరితే దాని ఆన్‌లైన్ లైబ్రరీ ఎక్స్‌ప్లోర్‌లో పేపర్లన్నీ ఉచితంగా చదవొచ్చనుకుంటారు. మామూలు సభ్యత్వంలో అది రాదు. పేపర్లు కావాలంటే కాలేజీ లైబ్రరీ చందా ద్వారా చూడటం మేలు. సభ్యత్వ సంవత్సరం జనవరి నుంచి డిసెంబర్ దాకా. అక్టోబర్లో ఫ్రెషర్స్ డే ఊపులో చేరే ముందు, కట్టే డబ్బు ఏ డిసెంబర్ వరకు వర్తిస్తుందో పేమెంట్ పేజీలో చూసుకోండి.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు సీనియర్ మెంబర్ గ్రేడు మీద కన్నేయమంటాను. పదేళ్ల వృత్తి అనుభవం, అందులో ఐదేళ్లు చెప్పుకోదగ్గ పని, ముగ్గురి సిఫారసు అడుగుతారు. గ్రేడు పెరిగినందుకు అదనపు ఫీజు లేదు. ఆ ముగ్గురూ కనీసం సీనియర్ మెంబర్లై ఉండాలి కనుక మన జిల్లాల్లో వెతుక్కోవడమే అసలు కష్టం. బ్రాంచి కార్యక్రమాలకు పోయి రావడం అక్కడ అక్కరకొస్తుంది.

పలకరింపు
టోస్ట్‌మాస్టర్స్ సంగతి నేను రాస్తా. 1924లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఆరునెలలకు 60 డాలర్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్లో కట్టాలి. కొత్తగా చేరేటప్పుడు మరో 20 డాలర్లు. డాలరు 85 అనుకుంటే ఏడాదికి పది వేలు దాటుతుంది, హాలు ఖర్చు కింద క్లబ్బు ఇంకొంత కలపొచ్చు.

చేరే ముందు ఆ పద్ధతిని ఊళ్లోనే ఉచితంగా నడిపి చూడండి. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. కాలేజీ గది గాని, లైబ్రరీ పై అంతస్తు గాని, పదిహేను రోజులకొకసారి, గంటన్నర. ఇద్దరు తయారై వచ్చి ఐదు నుంచి ఏడు నిమిషాలు మాట్లాడాలి. ఒకరు టైమర్: ఐదో నిమిషానికి పచ్చ కార్డు, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్న మీద ఆరుగురు ఒకటి నుంచి రెండు నిమిషాలు. ఒకరు "అంటే", "అదీ", "యాక్చువల్లీ" లాంటి ఊతపదాలు లెక్కపెట్టి చివర్లో పేరుపేరునా చెప్పాలి. ప్రతి స్పీచ్ మీద ఒకరు రెండు మూడు నిమిషాల్లో విశ్లేషణ ఇవ్వాలి.

ఇట్లాంటివి ఆగిపోయేది విశ్లేషణ దగ్గరే. మొహమాటానికి "చాలా బాగా మాట్లాడారు సార్" అని కూర్చుంటారు. రూలు పెట్టండి: బాగున్నది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి, రెండూ ఏ వాక్యం దగ్గరో చూపించి చెప్పాలి. రెండో రూలు, సీనియర్ ఆఫీసరు వచ్చినా ఎరుపు కార్డు ఎత్తాల్సిందే. కార్డు దించిన రోజు నుంచి అది సన్మాన సభ అయిపోతుంది. నాలుగు నెలలు నిలబడి ఇరవై మంది తేలితే అప్పుడు అధికారికంగా క్లబ్బు చార్టర్ చేసుకోవచ్చు, దానికి ఇరవై మంది కావాలి.

కర్నూలు_సివిల్
ఇది బాగుంది. అయితే నా అసలు ఇబ్బంది మనుషుల దగ్గరే. మీటింగుకు పోతే అందరూ తెలిసినవాళ్లతో గుంపుగా నిలబడి ఉంటారు. ఏమని మొదలుపెట్టాలి? కార్డులు పంచి వచ్చేస్తే లాభం లేదని తెలుసు.

ఏడురోడ్లు_కడప
ప్రేక్షకుడిగా పోతే అట్లే ఉంటుంది. పని అడగండి. రిజిస్ట్రేషన్ టేబుల్ అందరికంటే మేలైన చోటు. వచ్చే ప్రతి ఒక్కరూ మీ ముందు ఆగి పేరు, ఊరు, సభ్యత్వ నంబరు చెప్పే తీరాలి. గంటలో అరవై మంది పేర్లూ ముఖాలూ కలుస్తాయి. వేదిక మీద పూలగుచ్ఛం ఇచ్చే పని కోసం పోటీ ఎక్కువ, టేబుల్ దగ్గర కూర్చునే పనికి ఎవరూ రారు. సెక్రటరీకి వారం ముందే ఫోన్ చేసి "సార్, రిజిస్ట్రేషన్ నేను చూసుకుంటా" అంటే కాదనడు.

టేబుల్ తర్వాతి మెట్టు లెక్చర్. మీ రంగంలో కర్నూలు, నంద్యాల వైపు కళ్ల ముందే సబ్జెక్టు ఉంది: నల్లరేగడి నేల మీద కట్టిన ఇళ్లు ఎందుకు పగులుతాయి? వానకు నేల ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీట వస్తుంది. ఇరవై ఐదు నిమిషాలు చాలు. ఎనిమిది ఫోటోలు, వాటిలో ఓనరు ఇల్లు గుర్తుపట్టేలా ఏదీ ఉండకూడదు. ఐఎస్ (భారత ప్రమాణాల కోడ్) 2720 నలభయ్యో భాగం ప్రకారం చేసిన ఫ్రీ స్వెల్ (మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే) పరీక్ష ఫలితం ఒకటి. అండర్ రీమ్డ్ పైల్స్‌కు (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలకు) ఐఎస్ 2911 మూడో భాగం ఏం చెబుతుందో ఒక స్లైడు. చివర్లో మామూలు పునాదికీ దానికీ ఖర్చు తేడా, మీ రేట్లతో. ఆ ఖర్చు స్లైడునే జనం ఫోన్లో ఫోటో తీసుకుంటారు. మీ పేరు, నంబరు దాని కింద మూలన పెట్టండి, మొదటి స్లైడులో కాదు.

మేడమ్_ఈసీఈ
పరిచయం చేసుకునేటప్పుడు హోదా చెప్పడం కంటే ఏ సమస్య తీరుస్తారో చెప్తే గుర్తుంటుంది. "నేను సివిల్ ఇంజినీర్‌ని సార్" అంటే ఆ హాల్లో నలభై మందిలో మీరొకరు. "కర్నూలు, డోన్ వైపు పాత మిద్దెలు చూస్తాను సార్. పగులు పునాది నుంచి వచ్చిందా, స్లాబు వేడికి వచ్చిందా తేల్చి రాసిస్తాను" అంటే అవతలివాళ్లు వెంటనే తమ ఇంటి గోడ సంగతి ఎత్తుతారు. మీరిక విషయం వెతుక్కోనక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం లోపల వాట్సాప్‌లో ఒక్క మెసేజ్. గుడ్ మార్నింగ్ బొమ్మ పెట్టొద్దు. ఇట్ల రాయండి: "నమస్తే సార్, నిన్న మీటింగులో మీ గోడౌన్ ప్లింత్ కుంగిందన్నారు కదా. దానికి సంబంధించిన కోడ్ పేజీ ఫోటో పంపుతున్నాను. అవసరమైతే కాల్ చేయండి." అంతే. ఫీజు, కొటేషన్ అందులో ఎత్తకూడదు. ఫోన్లో నంబరు సేవ్ చేసేటప్పుడు పేరు పక్కన ఊరు, మీటింగు నెల, మాట్లాడిన విషయం రాసుకుంటే ఆరు నెలల తర్వాత ఎవరో గుర్తొస్తారు.

గడియారస్తంభం_అనంత
మొదటి పరిచయంలోనే ఉద్యోగమో కాంట్రాక్టో అడిగేవాళ్లు చాలామంది. ఒక్కసారి అట్ల అడిగితే తర్వాత ఏడాది పాటు మిమ్మల్ని చూసి పక్కకు తప్పుకుంటారు. సలహా అడగండి, దానికి ఎవరూ విసుక్కోరు.

హంద్రీ_వంతెన
ఒక హెచ్చరిక. "జాతీయ ఉత్తమ ఇంజినీర్ పురస్కారానికి మీరు ఎంపికయ్యారు, ప్రాసెసింగ్ పదిహేను వేలు కట్టండి" అని ఫోన్లు వస్తుంటాయి. గౌరవ డాక్టరేట్ అని కూడా అంటారు. డాక్టరేట్ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలది, అసోసియేషన్లది కాదు.

"మాది రిజిస్టర్డ్ సంస్థ సార్" అన్నంత మాత్రాన నమ్మకూడదు. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టరవుతుంది. అడగాల్సినవి మూడు: పోయిన ఏడాది ఆడిట్ అయిన లెక్కలు, సర్వసభ్య సమావేశం మినిట్స్, సంస్థ పేరు మీదున్న బ్యాంకు ఖాతా. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు వ్యక్తి పేరు కనిపిస్తే అక్కడే ఆపేయండి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సొసైటీ నంబరు ఇచ్చి కమిటీ జాబితా ఎప్పుడు దాఖలు చేశారో అడగొచ్చు. ఏళ్ల తరబడి దాఖలు చేయలేదంటే పేరుకే ఉందని తేలిపోతుంది.

పద్దుల_మనిషి
లైఫ్ మెంబర్‌షిప్ మీద నా అభిప్రాయం: మొదటి రెండేళ్లు ఏడాది ఫీజే కట్టండి. ఆ రెండేళ్లలో నాలుగైదు మీటింగులకు పోకపోతే లైఫ్ తీసుకున్నా పోరు. తీసుకున్నవాళ్లు అడ్రసు, ఫోన్ మారినప్పుడు అప్‌డేట్ చేయించాలి. లేకుంటే ఎన్నికల బ్యాలెట్టు, నోటీసులు పాత ఇంటికి పోతుంటాయి.

పన్ను సంగతి కూడా చెప్తా. జీతం మీద బతికేవాళ్లకు సభ్యత్వ రుసుముకు తగ్గింపు లేదు. 80జీ కూడా రాదు, అది విరాళానికి. కంపెనీ తిరిగి ఇస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి, చాలామంది అడగకనే పోగొట్టుకుంటారు. సొంత ప్రాక్టీసు ఉన్నవాళ్లు వృత్తికి సంబంధించిన వార్షిక చందాను ఖర్చు కింద రాసుకోవచ్చు, 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది 37(1). లైఫ్ ఫీజు ఒకేసారి పెద్ద మొత్తమైతే మీ ఆడిటర్‌తో మాట్లాడకుండా రాయొద్దు.

ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. లాభాపేక్ష లేని సంస్థల్లో సభ్యుడికి ఏడాదికి వెయ్యి రూపాయల లోపు చందా అయితే మినహాయింపు ఉంది. క్లబ్బు, జిమ్ సభ్యత్వాలకు ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీ పన్నులో తగ్గించుకోవడం) జీఎస్టీ చట్టం 17(5) కింద రాదు. వృత్తి సంస్థ బిల్లును ఆ గాటన కట్టకుండా ఉండాలంటే ఇన్వాయిస్ మీద "ప్రొఫెషనల్ సబ్‌స్క్రిప్షన్" అని స్పష్టంగా ఉండాలి.

కర్నూలు_సివిల్
అందరికీ చాలా థాంక్స్. ఇట్ల అనుకుంటున్నాను: ఈ ఏడాది వాల్యుయర్ల సంస్థ, 50 గంటల కోర్సు, పరీక్ష. ఇన్‌స్టిట్యూషన్ సభ్యత్వానికి అప్లికేషన్, అనుభవ పత్రాలు పక్కపక్కనే. బిజినెస్ గ్రూపుకు రెండుసార్లు గెస్టుగా మాత్రమే. స్పీచ్ గుంపు ఊళ్లోనే పెడదాం, కర్నూలు వాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ చేయండి, ఆదివారం సాయంత్రం ఐదుకు వీలవుతుందా చూద్దాం. నల్లరేగడి లెక్చర్‌కు ఫోటోలు ఇప్పుడే తీయడం మొదలుపెడతా, ఎండాకాలం బీటలు బాగా కనిపిస్తాయి.

ఏడురోడ్లు_కడప
ఎండాకాలం తీసిన ప్రతి బీటనూ వానాకాలం అయ్యాక అదే కోణంలో మళ్లీ తీయండి, పక్కన స్కేలు పెట్టి. తేడా కనిపిస్తేనే నేల కదలిక అని హాల్లో ఎవరైనా ఒప్పుకుంటారు. ఒక్క ఫోటోతో పోతే "అది ప్లాస్టరింగ్ బీట" అని ముందు వరుసలో కూర్చున్న రిటైర్డ్ ఈఈ గారు తేల్చేస్తారు.

పద్దుల_మనిషి
కోర్సు ఫీజు కట్టే ముందు జీఎస్టీ నంబరు ఉంటే ఫారంలోనే రాయండి, ఫర్మ్ పేరు కూడా. మీ సొంత పేరు మీద బిల్లు వచ్చేశాక మార్చమని అడిగితే నెలలు తిప్పుతారు.